32 అద్దాలు, ఒక బోరు: హనుమకొండలో ఒక ఇంటి కిటికీల కేసు

పోయిన దసరాకు రెండు వారాల ముందు, పొద్దున ఏడింటికి ఫోన్. మా పనికి ఏడాదిలో రెండే సీజన్లు, దసరా ముందు ఒకటి, ఉగాది ముందు ఒకటి. ఆ రోజుల్లో ఫోన్ మోగితే చాయ్ కప్పు చేతిలో ఉండగానే ఎత్తాలి. అవతల ఒక రిటైర్డ్ లెక్కల సారు. ఇల్లు హనుమకొండలో, నయీంనగర్ దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక కాలనీ. కింద వాళ్లుంటారు, పై పోర్షన్ అప్పుడే ఖాళీ అయింది. "కిటికీల అద్దాలు తోమి తోమి మా ఇంటామె చేతులు పోయినయి తమ్మీ, తోమిన కొద్దీ తెల్లగైతున్నయి, ఒకసారి వచ్చి చూడు" అన్నారు. తోమిన కొద్దీ తెల్లబడుతున్నాయి అన్న దగ్గరే నాకు సగం కేసు అర్థమైంది. అయినా చూడకుండా చెప్పకూడదు కదా, బండి తీశాను.

నేను ఎనిమిదేళ్లుగా ఇళ్లు క్లీన్ చేసే పని చేస్తున్నాను. వరంగల్, హనుమకొండ, కాజీపేట తిరుగుతాను, పిలిస్తే పరకాల, భూపాలపల్లి కూడా పోతాను. నాతో ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తారు, పెద్దామెను అక్క అంటాను, చిన్నామె నన్ను అన్న అంటుంది. నా కెమిస్ట్రీ ఇంటర్‌తోనే ఆగిపోయింది, మిగతాది అద్దాలు, బకెట్లు నేర్పినవే. ఎక్కడికి పోయినా జనం అడిగేది ఒకటే, "అన్నా, నువ్వే లిక్విడ్ వాడతావు?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే, "మీ ఇంట్ల ఏ నీళ్లు వాడుతరు?" ఈ కేసు రాయడానికి కారణం కూడా అదే. ఇందులో దొరికిన జవాబు సీసాలో లేదు, ట్యాంకులో ఉంది.

ఇల్లు, కిటికీల లెక్క

కింద, పైన కలిపి 11 కిటికీలు. 7 అల్యూమినియం స్లైడింగ్‌వి, ఒక్కోదానికి రెండు అద్దాల రెక్కలు, ఒక దోమల జాలి రెక్క. రెండు పాత టేకు కిటికీలు, ఇల్లు మొదట కట్టినప్పటివి, ఇనుప చువ్వలతో, ఒక్కోదానికి రెండు రెక్కలు, రెక్కకు రెండు అద్దాలు. బాత్రూమ్‌లకు రెండు చిన్నవి, అద్దపు పలకలు ఐదేసి ఒకదాని మీద ఒకటి వాలుగా ఉండే రకం. అంటే 14, 8, 10, మొత్తం 32 అద్దాలు. సారు నాతో పాటు తిరిగి తనూ లెక్కపెట్టి, "కరెక్టే" అన్నాకే చాయ్ ఇప్పించారు.

అంతకుముందు ఒక క్లీనింగ్ కంపెనీ వాళ్లు వచ్చి కిటికీలకే 7,000 చెప్పి పోయారట. "ఏడు వేలు పెట్టి అద్దం తుడిపిచ్చుకునుడు నాతోని కాదు, ఇంట్ల ఉన్న సామానుతోనే చెయ్యి" అన్నారు సారు. ఆ మాటలో న్యాయం ఉంది. అద్దం మీద మురికికి వంటింట్లో లేని మందు చాలా అరుదు. కాకపోతే ఏ మురికికి ఏ మందో తెలియాలి, సారు వాళ్లింట్లో తప్పింది అక్కడే.

మన వైపు మురికి ఊరిని బట్టి మారుతుంది. భూపాలపల్లి, గోదావరిఖని ఇళ్లలో బొగ్గు పొడి, నల్లగా, కొంచెం జిడ్డుగా ఉంటుంది. కరీంనగర్ గ్రానైట్ క్వారీల పక్క ఊళ్లలో రాతి పొడి, దాన్ని పొడి గుడ్డతో రుద్దితే అద్దం మీద గీతలు ఖాయం. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి వచ్చే రోజుల్లో దోమల జాలికి దూది నూగు అంటుకుంటుంది. సారు వాళ్లింట్లో ఒక్కో వైపు ఒక్కో కథ: రోడ్డు వైపు ఎర్ర మొరం దుమ్ము, వంటింటి కిటికీకి పోపు జిడ్డు, పై పోర్షన్‌లో పుట్టీ, పెయింట్ చుక్కలు, దక్షిణం వైపు కింద రెండు కిటికీలకు మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లటి చారలు, పైనుంచి కిందికి కారినట్టు. ఆ కారిన తీరు గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

అంతకుముందు వాళ్లు ఏం చేశారు

అమ్మ, అంటే సారు భార్య, వీడియోలు చూసి చేసిన ప్రయోగాలన్నీ దాచకుండా చెప్పింది. ముందు సర్ఫ్ నీళ్లు. తర్వాత పేపర్‌తో తుడవడం. తర్వాత వెనిగర్‌లో వంటసోడా కలిపి, అది బుస్సున పొంగుతుంటే అదే పవర్ అనుకుని, స్ప్రే బాటిల్‌లో పోసి కొట్టడం. ఆ పొంగు చూస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది, నాకూ మొదట్లో కుదిరింది. కాని వెనిగర్ పులుపు, సోడా దానికి విరుగుడు. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, పొంగింది కార్బన్ డయాక్సైడ్, సీసాలో మిగిలేది సోడియం ఎసిటేట్ అనే ఉప్పు కరిగిన నీళ్లు. సోడా కాస్త ఎక్కువ పడితే అదీ అందులోనే మిగిలిపోతుంది. దాన్ని అద్దం మీద కొట్టి ఆరనిస్తే తెల్లపొర రాక ఏమవుతుంది? విడివిడిగా రెండూ మంచి మందులే, ఒక్క సీసాలో కలిపితే ఉప్పు నీళ్లు.

సర్ఫ్ కథ కూడా అంతే. బట్టల పొడిలో సోడా ఉంటుంది, బట్టలను నాలుగు నీళ్లలో జాడిస్తాం కాబట్టి పోతుంది, అద్దాన్ని ఎవరు నాలుగు సార్లు జాడిస్తారు? పేపర్ మాత్రం తప్పు కాదు. ఆఖర్న మెరుపుకు ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది, కాని సిరా చేతులకూ, తెల్ల రంగు ఫ్రేములకూ అంటుతుంది, అందుకే యూపీవీసీ (తెల్ల ప్లాస్టిక్ ఫ్రేము) కిటికీలున్న ఇళ్లలో నేను వాడను.

ఇవన్నీ చేసి, ప్రతిసారీ చివర్లో అమ్మ ఏం చేసేదంటే, బోరు పైపు పెట్టి అద్దాలను కడిగేసి అట్లాగే వదిలేసేది. అసలు తప్పు అది.

నీళ్ల సంగతి

నా సంచిలో ఒక చిన్న టీడీఎస్ మీటర్ ఉంటుంది, నీళ్లలో కరిగిన ఉప్పులు, ఖనిజాలు ఎంతున్నాయో అంకె చూపిస్తుంది. వాళ్ల బోరు నీళ్లలో ముంచితే 980 వచ్చింది. తాగే నీళ్లకు మన ప్రమాణాల్లో 500 లోపు ఉంటే మంచిదంటారు, వేరే నీళ్లు దొరకని చోట 2,000 వరకు ఒప్పుకుంటారు, కాబట్టి ఇవి విషమేం కాదు, బట్టలు ఉతుక్కోవచ్చు, చెట్లకు పోయొచ్చు. కాని అద్దానికి? సారుకు లెక్కలో చెప్పాను: 980 అంటే లీటరుకు 980 మిల్లీగ్రాములు, అంటే దాదాపు ఒక గ్రాము. ఒక లీటరు బోరు నీళ్లు అద్దం మీద పోసి ఎండకు ఆరనిస్తే నీళ్లు పోతాయి, గ్రాము సున్నం, ఉప్పు అద్దానికే మిగిలిపోతాయి. వారానికోసారి, ఆరేళ్లు. సారు రెండు నిమిషాలు మాట్లాడలేదు, తర్వాత అమ్మ వైపు తిరిగి "అయితే నువ్వు ఇన్నేండ్లు సున్నం కొట్టినవన్నమాట" అన్నారు. అమ్మ చూసిన చూపుకు నేను జాలి రెక్క తీస్తున్నట్టు నటించాల్సి వచ్చింది.

మరి ఏ నీళ్లు? నీళ్లు వృథా చేయొద్దని సారు ఆర్వో మిషన్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్లు ఒక డ్రమ్ములో పట్టి పెట్టారు, "ఫిల్టర్ నీళ్లే కదా, వీటితో కడుగుదాం" అన్నారు. మీటర్ పెడితే 1,500 దాటింది. ఆర్వో మిషన్ మంచినీళ్లను ఒక వైపు పంపి ఉప్పులన్నీ రెండో పైపులోకి నెట్టేస్తుంది, కాబట్టి ఆ వేస్ట్ నీళ్లు బోరు కంటే ఘోరం. నేల తుడవడానికి సరే, అద్దం దగ్గరికి రానివ్వకూడదు. నల్లా నీళ్లు 260 చూపించాయి, చెరువు నీళ్లు కాబట్టి నయం. అసలు బంగారం మాత్రం పెరట్లో కారుతోంది: బెడ్‌రూమ్ ఏసీ పైపు. ఏసీ నీళ్లంటే గాలిలో తేమ చల్లబడి కారినవి, వాన నీళ్ల లాంటివే, మీటర్‌లో 25 చూపించింది. తాగడానికి పనికిరావు, దుమ్ము ఉంటుంది కాబట్టి గుడ్డలో వడగట్టాలి, కాని అద్దం మీద ఆఖరి తుడుపుకు ఇంతకంటే మంచివి ఊరికే దొరకవు. "రెండు రాత్రులు పైపు కింద బకెట్ పెట్టండి సారు, ఎల్లుండి వస్తా" అని చెప్పి వచ్చేశాను. వానాకాలం పోలేదు కాబట్టి గాలిలో తేమ బాగానే ఉంది, రెండు రాత్రులకు ఒక బకెట్ నిండింది.

మూడు చుక్కల పరీక్ష

వచ్చే ముందు ఒక పరీక్ష చేశాను, ఇది ఎవరైనా చేసుకోవచ్చు. మరక ఉన్న అద్దం మూలలో మూడు చోట్ల మూడు చుక్కలు: ఒకటి మామూలు నీళ్లు, రెండోది గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లు, మూడోది వెనిగర్. ఐదు నిమిషాలు ఆగి వేలితో రుద్దాలి. నీళ్లకే వస్తే అది దుమ్ము, దానికి మందు అక్కర్లేదు. లిక్విడ్‌కు వస్తే జిడ్డు. వెనిగర్‌కు మాత్రమే వస్తే నీళ్ల సున్నం, జాగ్రత్తగా చూస్తే సన్నటి బుడగలు కూడా కనిపిస్తాయి. మూడింటికీ రాకపోతే గోరుతో గీకి చూడాలి, ఎత్తుగా తగిలితే పెయింటో సిమెంటో. నున్నగా తగులుతుంది కాని మరక కనిపిస్తుంది, తడిపితే మాయమై ఆరాక మళ్లీ వస్తుంది, రెండుసార్లు వెనిగర్ పెట్టినా కదలదు అంటే అది మరక కాదు, అద్దం పైపొరే తినేసింది. ఆ ఐదో రకానికి నా దగ్గర మందు లేదు, వంటింట్లో కూడా లేదు.

దక్షిణం కిటికీల్లో రెండు అద్దాల మీద నాకు ఆ ఐదో రకం అనుమానమే వచ్చింది. సారుకు అప్పుడే చెప్పాను. పని అయ్యాక చెబితే సాకు అంటారు, ముందు చెబితే అంచనా అంటారు.

పని జరిగిన తీరు

మొదటి రోజు ఏడింటికి మొదలుపెట్టాం. పదిన్నరకు ఆపేసి మళ్లీ నాలుగింటికి మొదలుపెట్టాం. మధ్యలో ఎందుకు ఆపారని అమ్మ అడిగింది, బద్ధకం అనుకుందేమో. ఎండ పడుతున్న అద్దం మీద ఏ నీళ్లు కొట్టినా తుడిచేలోపే ఆరిపోతాయి, ఆరితే చారలు. తూర్పు కిటికీలు సాయంత్రం, పడమర కిటికీలు పొద్దున, అంతే రూలు.

తడి పనికి ముందు పొడి పని. దోమల జాలి రెక్కలన్నీ తీసి వాకిట్లో గోడకు ఆనించి మెత్తటి బ్రష్‌తో దులిపాం. స్లైడింగ్ ట్రాకుల్లో ఎంత మట్టి ఉందంటే చిన్నామె "అన్నా, ఇందులో మెంతులు చల్లితే మొలుస్తయి" అంది. తడిపితే బురద అవుతుంది కాబట్టి ఒక అంగుళం పెయింట్ బ్రష్‌తో పొడిగానే ఊడ్చి, మూలల్లో పాత టూత్ బ్రష్ పెట్టి తీశాం. ట్రాక్ కింద బయటి వైపు చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, వాన నీళ్లు బయటికి పోవడానికి. ఏడు కిటికీల్లో ఐదింటికి అవి మూసుకుపోయాయి, చీపురు పుల్లతో పొడిచి తీశాం. వాన పడితే కిటికీ దగ్గర గోడ చెమ్మ పడుతోందని సారు పెయింటర్‌ను తిడుతున్నారు, సగం కారణం ఆ రంధ్రాలే అయి ఉంటాయి.

పైఅంతస్తు అద్దాల బయటి వైపు ఎట్లా అన్నది అందరికీ టెన్షన్. సజ్జ మీద నిలబడి తుడిచేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. చాలా స్లైడింగ్ రెక్కలు లోపలినుంచే ఊడి వస్తాయి. రెండు చేతులతో రెక్కను పైకి ఎత్తి, కింది అంచును లోపలికి లాగితే చాలు. బరువుంటుంది కాబట్టి ఇద్దరు పట్టుకోవాలి, కింద పాత బొంత పరిచి దాని మీద పెట్టుకోవాలి. పైన ఉన్న ఆరు రెక్కలనూ అట్లాగే దించి, గదిలోనే కూర్చుని హాయిగా తుడిచాం.

దుమ్ము అద్దాలకు: లీటరు నల్లా నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ మూడు నాలుగు చుక్కలు. చుక్కలే, మూతలు కాదు. నురగ ఎక్కువైతే శుభ్రం ఎక్కువ అవుతుందని మనకు ఒక నమ్మకం, అద్దం విషయంలో అది రివర్స్, ఎక్కువైన సబ్బే పొరగా మిగులుతుంది. అమ్మ "మరి కుంకుడు రసం?" అంది. ముందు రాత్రే ఐదారు కాయలు గింజలు తీసి నానబెట్టిందట, వద్దనడం ఎందుకు. రోడ్డు వైపు కిటికీకి ఒక రెక్కకు కుంకుడు, ఇంకో రెక్కకు లిక్విడ్ పెట్టి చూశాం. కుంకుడు రసం ఉప్పు నీళ్లలో సబ్బులా విరగదు, జిడ్డు బాగా తీస్తుంది. కాని దానికి రంగు ఉంది, పలచటి గుడ్డలో రెండుసార్లు వడగట్టకపోతే సన్నటి తుక్కు అద్దానికి అంటుతుంది, కంట్లో పడితే మంట సంగతి తలంటు పోసుకున్న వాళ్లందరికీ తెలుసు. కడిగి తుడిచాక రెండు రెక్కలకూ తేడా నాకు కనపడలేదు, అమ్మకు మాత్రం కుంకుడు రెక్కే బాగా మెరిసినట్టు కనిపించింది. ఇంట్లో కాయలుంటే వాడుకోండి, లేకపోతే వాటి కోసం బజారుకు పోవాల్సిన పని లేదు.

వంటింటి కిటికీకి చాలామంది బట్టల సోడా వేడి నీళ్లలో కలిపి కొట్టమంటారు. జిడ్డు నిజంగానే పోతుంది, కాని ఫ్రేము అల్యూమినియం అయితే ఆ సోడా దాన్ని తింటుంది, మెరుపు పోయి బూడిద రంగుకు తిరుగుతుంది. వంటసోడా వేరు, బట్టల సోడా వేరు, రెండోది చాలా ఘాటు. నేను వేడి నీళ్లలో గిన్నెల లిక్విడ్ ఒక చెంచా కలిపి, గుడ్డ ముంచి అద్దానికి ఆనించి పది నిమిషాలు ఉంచాను, తర్వాత రుద్దితే గోధుమ రంగు బంక లాంటిది ముద్దగా వచ్చింది. రెండోసారి సాదా నీళ్లు. అంతే.

పెయింట్ చుక్కలకు బ్లేడు. అద్దాన్ని సబ్బు నీళ్లతో బాగా తడిపి, కొత్త బ్లేడును పిడిలో పెట్టి, వాలుగా పట్టుకుని ఒకే వైపు తోయాలి, ముందుకూ వెనక్కూ గీకకూడదు. ముందు అద్దం మూలలో టఫెండ్ (గట్టిపరచిన అద్దం) అని ముద్ర ఉందేమో చూసుకోవాలి, ఉంటే బ్లేడు వద్దు, గీతలు పడే ప్రమాదం ఎక్కువ. సారు వాళ్ల బెడ్‌రూమ్ పడమర కిటికీకి లోపలి వైపు ఎండ ఆపే ఫిల్మ్ అంటించి ఉంది, దానికి బ్లేడూ లేదు, వెనిగరూ లేదు, మెత్తటి గుడ్డ, చుక్క లిక్విడ్ మాత్రమే.

సున్నం చారలు, నా తప్పు

ఇక దక్షిణం వైపు. కిరాణంలో నిమ్మ ఉప్పు అని అడిగితే ఇస్తారు, సిట్రిక్ యాసిడ్, పులిహోరకు కొందరు వేస్తారు. లీటరు నీళ్లకు 50 గ్రాములు. వెనిగర్ కూడా పనిచేస్తుంది, సీసా మీద 4 శాతం అని ఉంటుంది, నీళ్లు కలపకుండా వాడాలి, కాని ఆ వాసన ఇల్లంతా రెండు రోజులు ఉంటుంది, పైగా నిమ్మ ఉప్పు చవక. నిమ్మకాయలు కూడా పనిచేస్తాయి, పండగ ముందు వాటి ధర చూసి మాట్లాడండి.

ఇట్లాంటి చారల మీద స్ప్రే కొడితే లాభం లేదు, కారిపోతుంది. టిష్యూ పేపర్లు కాని, పాత పంచె ముక్కలు కాని నిమ్మ ఉప్పు నీళ్లలో ముంచి అద్దానికి అతికించాలి, 15 నుంచి 20 నిమిషాలు, ఆరకుండా మధ్యలో మళ్లీ తడపాలి. ఆరనిస్తే అదే ఇంకో తెల్లపొర అవుతుంది. తీసి గిన్నెలు తోమే మెత్తటి స్పాంజితో రుద్ది, వెంటనే కడగాలి.

మొదటి కిటికీకి తొందరలో నేను వెనిగర్ స్ప్రే చేశాను, నిమ్మ ఉప్పు ఇంకా కరుగుతోంది, ఊరికే కూర్చోవడం ఎందుకని. అది కారి కింద బండ మీద పడింది. కిటికీ కింద వేసింది కడప బండ. కడప బండ, షాబాద్ బండ, తాండూరు బండ, ఇవన్నీ సున్నపురాయి జాతి, పాలరాయి కూడా అంతే, పులుపు తగిలితే సున్నం చారలాగే ఇవీ కరుగుతాయి. గ్రానైట్ అయితే ఏం కాదు. నాకు ఈ సంగతి తెలియదా అంటే తెలుసు, ఇంకొకరికి చెప్పిందే. నల్లగా మెరిసే బండ మీద జానెడు పొడుగు తెల్లటి మసక గీత పడింది. కడిగితే పోలేదు, పోదు కూడా, పాలిష్ పోయింది. కొబ్బరి నూనె రాస్తే నల్లబడింది కాని అది రెండు వారాల ముచ్చట. అమ్మకు చూపించి తప్పు నాదే అని చెప్పాను. "పోనీ తియ్యి బిడ్డా, నేను ఆరేండ్లు సున్నం కొట్టిన్నట, నువ్వు ఒక గీత గీసినవు" అంది. ఆ మాట సారుకు వినిపించేంత గట్టిగా అంది.

ఆ తర్వాత ప్రతి కిటికీకీ పద్ధతి మార్చాం. ముందు బండ మీద వంటసోడా నీళ్లలో తడిపిన పాత టవల్ మడత పరిచి, తర్వాతే పైన నిమ్మ ఉప్పు. కారిన పులుపు టవల్‌లోనే విరిగిపోతుంది. సీసాలో కలిస్తే పనికిరాని జంట, పైనొకటి కిందొకటి పెడితే ఇంత బాగా పనిచేసింది.

బాత్రూమ్ పలకలకు ఇది ఇంకా సులువు. పదీ బయటికి లాగి, ప్లాస్టిక్ టబ్బులో నిమ్మ ఉప్పు నీళ్లలో అరగంట ముంచాం, సబ్బు పొర, నీళ్ల సున్నం రెండూ కలిసి ఊడాయి. అదే సమయంలో పక్కింటాయన వచ్చి బాత్రూమ్ యాసిడ్ పోస్తే ఐదు నిమిషాల పని అని సలహా ఇచ్చాడు. అది పోస్తే అల్యూమినియం పొక్కులు పొక్కులుగా తినేస్తుంది, ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇంతకంటే ముఖ్యమైనది ఒకటి: బ్లీచింగ్ పౌడర్ చల్లిన బాత్రూమ్‌లో యాసిడ్ కాని, వెనిగర్, నిమ్మ ఉప్పు కాని వాడకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మేము ముందు రోజు ఏం చల్లారో అడిగి, రెండుసార్లు నీళ్లతో కడిగాకే ఆ గదిలో పని మొదలుపెడతాం.

ఆఖరి తుడుపు అన్నింటికీ ఒకటే. వడగట్టిన ఏసీ నీళ్లలో పాత పంచె ముక్క ముంచి, బాగా పిండి, అద్దమంతా ఒకసారి, తర్వాత రబ్బరు వైపర్. పైనుంచి మొదలుపెట్టి ఒక్కో లాగుడు, ప్రతి లాగుడు తర్వాత రబ్బరును పొడి గుడ్డతో తుడవాలి. లోపలి వైపు అడ్డంగా, బయటి వైపు నిలువుగా లాగండి, ఏదైనా చార మిగిలితే అది ఏ వైపుదో వెంటనే తెలుస్తుంది, లేకపోతే లోపలా బయటా తిరగలేక చస్తాం. కొత్త టవళ్లు వద్దు, నూగు వదులుతాయి. ఇరవై ఉతుకులు తిన్న పంచెకు సాటి లేదు.

లెక్క, ఫలితం

సామాను: నిమ్మ ఉప్పు 200 గ్రాములు 60, వెనిగర్ 50, వైపర్ 130, బ్లేడు పిడి, బ్లేడ్లు 40. మొత్తం 280 రూపాయలు. కుంకుడు, లిక్విడ్, వంటసోడా, పంచెలు ఇంట్లోవే. సారు వెంటనే భాగించి "అద్దానికి 8 రూపాయల 75 పైసలు" అన్నారు. కూలి వేరే: ఇద్దరికి రోజుకు 700 చొప్పున రెండు రోజులు 2,800, నాకు 1,000. మొత్తం 4,080. మీరే చేసుకుంటే కూలి లేదు, కాని నడుము సంగతి మీ ఇష్టం.

32లో 26 పూర్తిగా తేలాయి. 4 అద్దాల మీద సాయంత్రం ఏటవాలు వెలుతురులో చూస్తే సన్నటి నీడ కనిపిస్తుంది, ఎదురుగా చూస్తే లేదు. దక్షిణం వైపు ఆ రెండు మాత్రం అట్లాగే ఉన్నాయి, మూడుసార్లు నిమ్మ ఉప్పు పెట్టినా కదలలేదు. అట్లాంటి వాటికి సీరియం ఆక్సైడ్ పొడితో పాలిష్ పట్టే పద్ధతి ఒకటి ఉంది, కాని దానికి మిషన్, గంటల పని, మామూలు ఇంటి అద్దానికి అంత అక్కర్లేదు, కొత్త అద్దం వేయించుకోవడమే చవక. సారు ఇంకా వేయించలేదు, "కర్టెన్ ఉంది కదా" అంటున్నారు.

మూడు వారాల తర్వాత

పండగ అయ్యాక ఒకసారి చూసి వద్దామని పోయాను. అన్నీ బాగున్నాయి, దక్షిణం కిటికీలు తప్ప. కొత్తగా కడిగిన అద్దం మీద మళ్లీ రెండు సన్నటి తెల్ల చారలు, పైనుంచి కిందికి. అమ్మ పైపు పెట్టడం మానేసింది, ఒట్టు పెట్టింది కూడా. మరి ఎక్కడివి? తల ఎత్తి చూస్తే సరిగ్గా ఆ కిటికీల పైనే, డాబా మీద, ట్యాంకు. మోటార్ వేసి మర్చిపోతే ట్యాంకు నిండి పొర్లి, గోడ మీదుగా కారి, సజ్జ అంచునుంచి అద్దాల మీదికి వస్తోంది. రోజూ పొద్దున పది నిమిషాలు. మొదటి రోజు ఆ కారిన తీరు చూసినప్పుడే నేను డాబా ఎక్కి ఉండాల్సింది. పైపు కడుగుడు మీద అనుమానం పడి అక్కడే ఆగిపోయాను, పాపం అమ్మ మీద పడింది.

ప్లంబర్‌ను పిలిచి ట్యాంకులో బాల్ వాల్వ్ వేయించారు, నిండగానే మోగే అలారం కూడా పెట్టించారు. సజ్జ కింది అంచుకు సిమెంటుతో సన్నటి గీత గాడి పెట్టించమని కూడా చెప్పాను, నీళ్లు లోపలికి పాకకుండా అక్కడే చుక్కగా రాలిపోతాయి. అది ఇంకా కాలేదు.

సంక్రాంతికి ముందు ఆ వీధిలోనే వేరే ఇంటికి పని పడి, వెళ్తూ లోపలికి తొంగి చూశాను. దక్షిణం అద్దాలు, ఆ రెండు పోగా, దసరాకు తుడిచినట్టే ఉన్నాయి. కింద కడప బండ మీద నేను గీసిన గీత కనపడకుండా అమ్మ ఒక గాజు సీసాలో మనీ ప్లాంట్ పెట్టింది. సీసాలో బోరు నీళ్లు. మెడ దాకా గుండ్రంగా తెల్లటి సున్నం పట్టింది.

"దీనికేం పొయ్యాలె బిడ్డా?" అంది.

"నిమ్మ ఉప్పే అమ్మా. కాని ఆ బండ మీద పెట్టి కడగకు."